పాదరసంలో పెద్దక్క గొంతు

పొద్దున్నే కంప్యూటరు గదికి వచ్చి పెద్దక్క చేసే మొదటి పని పాదరసం గొట్టాల అల్మారా వెచ్చగా ఉందో లేదో చూడటం. ఆ కాలపు కంప్యూటరుకి జ్ఞాపకమంటే శబ్దమే. అంకెల్ని చిన్న చిన్న చప్పుళ్ళుగా మార్చి గొట్టం ఒక కొసలో వదిలితే, పాదరసంలో ప్రయాణించి రెండో కొసకి చేరేవి. అక్కడ పట్టుకుని మళ్ళీ మొదటికి పంపాలి. తిరుగుతున్నంతసేపే జ్ఞాపకం. గొట్టం కాస్త చల్లబడిందా, చప్పుళ్ళ నడక తప్పి లెక్కంతా ఏట్లో కలిసేది.

అంకెలతోపాటు, దగ్గర్లో ఎవరేం మాట్లాడినా ఆ మాటలూ అందులో తిరుగుతుండేవి. పని సాగే తీరు వినడానికి తగిలించిన స్పీకర్లోంచి ఎప్పుడో ఒకప్పుడు బయటపడేవి. అందుకే అత్తగారి సంగతులు అందరూ వరండాలోనే చెప్పుకునేవారు. పెద్దక్కకి ఆ పట్టింపు లేదు. కొత్తవాళ్ళకి పని నేర్పేది ఆవిడే. నేర్పడమంటే కేకలెయ్యడమే.

ఆమధ్య ఆవిడ గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్‌తో ప్రాణం నిలిచింది, మాట పోయింది. బతికి బట్టకట్టాను, అదే పదివేలు అనుకుని పెద్దక్క పనిలోకి వచ్చేసింది.

ఇంజనీరు ఆవిడ మొహంలోకి చూడలేకపోయాడు. "ఏమనుకోకండి పెద్దక్కా. నేర్పడానికి గొంతుండాలి కదా. రేపట్నుంచి సామాన్ల గదిలో కూర్చోండి. ఫ్యాను కూడా ఉంది."

ఫ్యాను నువ్వే ఉంచుకో అన్నట్టు పెద్దక్క చెయ్యి విసిరింది. ఈ ఒక్కరోజూ ఇక్కడే ఉంటానని సైగ చేసి, కొత్తగా చేరినావిడని వెంటేసుకుంది.

గంట తిరక్కుండానే కొత్తావిడ అల్మారా తలుపు తెరిచి, మూయడం మరిచి అవతలికి నడిచింది. గదికి ఆ కొసనున్న పెద్దక్క నోరు తెరిచింది. గాలి వచ్చింది, అంతే.

"తలుపు!" స్పీకరు గర్జించింది, ఎన్నడో పాదరసంలో పడ్డ పెద్దక్క గొంతుతో. "మీ ఇంట్లోనూ ఇలాగే బార్లా వదిలేస్తావా తల్లీ?"

కొత్తావిడ పరుగున వచ్చి మూసింది. లెక్క దక్కింది.

కాసేపటికి ఆవిడ చెయ్యి అక్కర్లేని స్విచ్చి మీదకి పోయింది. "ఆగు! నీ బస్సేమైనా పోతోందా?"

గది గొల్లుమంది. "అమ్మయ్య, ఇన్నాళ్ళూ తిట్టే దిక్కులేక చచ్చాం," అంది పక్క టేబులావిడ. గుమ్మంలో నిలబడి వింటున్న ఇంజనీరు తల గోక్కున్నాడు. "సామాన్ల గదికి ఇంకెవరినైనా చూస్తాన్లెండి," అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం కొత్తావిడ దగ్గరకొచ్చింది. "మీరు లేకపోతే మొదటిరోజే నన్ను ఇంటికి పంపేసేవారు. చాలా థాంక్సండీ."

నిజానికి ఆవిడ తప్పులే పెద్దక్క చోటు నిలబెట్టాయి. ఆ మాటే చెప్పాలనిపించి పెద్దక్క స్పీకరు వైపు చూసింది. అది చాలాసేపు గరగరమంది. ఏళ్ళ తరబడి ఆ గదిలో ఒక్కరినైనా ఒక్క మెత్తని మాట అనుంటే కదా, వెతికితే దొరకడానికి!

చివరికి పలికింది: "చాల్లే సంబడం. ముందు తిని చావు."

కొత్తావిడ నవ్వి డబ్బా విప్పింది. మూతలో సగం పెట్టి పెద్దక్క ముందుకి జరిపింది.