అమ్మ చూసొచ్చిన అడవి

ఆ మీటింగుకు వెళ్లిన రోజే తల్లి మనసు కీడు శంకించింది. అయితే ఆమె మనసు కీడు శంకించని రోజంటూ లేదు గనక, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆమె కూడా పట్టించుకోలేదు.

మ్యాపు చూసుకుంటూ అడవిలో పరిగెత్తే ఆట ఓరియంటీరింగ్. దాని సమాఖ్య ఆఫీసంటే స్టేడియం మెట్ల కింద రెండు గదులు. పైన ఎవరైనా పరిగెడితే కింద కూర్చున్నవాళ్ల నెత్తిన సున్నం రాలుతుంది. ముందు గదిలో పది కుర్చీలు వేసి, పరిగెత్తే పిల్లల ఇళ్ల నుంచి ఒక్కొక్కరిని పిలిచారు. చేతిలో ఫైలు లేకుండా ఎవరికీ కనిపించని కార్యదర్శి లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఇన్నేళ్లూ మన పిల్లలు సొంత బూట్లతో, సొంత సెలవులతో పరిగెత్తారండీ. ఇక మీదట ఆరుగురికి సమాఖ్య అండగా ఉంటుంది. పూర్తికాలం కోచ్, వారానికి రెండుసార్లు ఫిజియో, ఏడాదిలో రెండు నెలలు అడవిలో శిబిరం, పనిచేసే చోట సెలవివ్వమని మా ఉత్తరం. దీనికి ఆరేళ్లు కాళ్లరిగేలా తిరిగాం. కానీ మేం ఒక్కళ్లమే మోయలేం. ప్రతి ఇంట్లో ఒక మనిషి కావాలి. పిల్ల సరిగా నిద్రపోతోందా, మడమలు పగిలాయా, దిగులుగా ఉందా... ఇవన్నీ మాకెలా తెలుస్తాయి? మీకు తెలుస్తాయి."

తల్లికి కళ్లు చెమర్చాయి. ఇరవై నాలుగేళ్లుగా తను చేస్తున్న పనిని ఒకరు పనిగా గుర్తించడం అదే మొదటిసారి. దానికి వాళ్లు పెట్టిన పేరు 'సహాయక సభ్యురాలు'. తొమ్మిది పేజీల కాగితాలిచ్చారు. మొదటి పేజీ చదివి, చివరి పేజీలో సంతకం పెట్టింది. నడుమ పేజీలు ఇంటికెళ్లి నింపాదిగా చదువుకోవచ్చనుకుంది. ఇంటికెళ్తే యూనిఫారం చొక్కాల కాజాలు కుట్టడంతోనే సరిపోయింది.

ఆరుగురిలో ఐదుగురు పాయింట్ల మీద ముందే ఖాయమయ్యారు. ఆరో చోటుకు ముగ్గురు ఆడపిల్లలు మిగిలారు. ఆదివారం జరిగే ఒక్క పోటీలో ఎవరు ముందొస్తే వాళ్లదే ఆ చోటు. మళ్లీ ఎంపిక రెండేళ్లకు గాని లేదు. ఇరవై అయిదు దాటితే కొత్తగా తీసుకోరు. కూతురికి ఇరవై నాలుగు నిండాయి. మందుల షాపులో నిలబడి ఉద్యోగం చేస్తూ, తెల్లారకముందు రెండు గంటలు, షాపు కట్టేశాక గంట పరిగెత్తి ఇక్కడిదాకా వచ్చింది. ఈసారి తప్పితే మరి లేదు.

"అసలిదేం ఆటే కోడలా!" అని మేనమామ ఏడిపించేవాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. "చేతికో మ్యాపిచ్చి అడవిలో వదిలేస్తారు, జెండాలన్నీ వరసగా ముట్టుకుని రావాలి, అంతేనా? నా బస్సెక్కు, స్టాపులన్నీ వరసగా ముట్టుకునే వస్తాను, రోజుకి ఎనిమిదిసార్లు. నాకెవడూ పతకం ఇవ్వడే!"

"నీకు దారి ముందే తెలుసు మావయ్యా. మాకు తెలియకూడదు. అదే ఆట."

కూతురు ఈ మాట తల్లి ఎదుటే అన్నది. తల్లి విన్నది కూడా. పోటీ జరిగే అడవిలోకి తాము రెండు నెలల ముందు నుంచీ అడుగుపెట్టకూడదని కూతురు చెప్పినప్పుడూ విన్నది. అయితే అది పరిగెత్తేవాళ్ల సంగతి అనుకుంది.

పోటీ వారం వచ్చేసరికి ఆమెకు అన్నం సహించడం మానేసింది. కళ్లు మూస్తే చాలు, కూతురు మ్యాపు చూసుకుంటూ పరిగెత్తి పరిగెత్తి ఏదో గోతిలో పడుతున్నట్టే ఉండేది. కొమ్మ కంట్లో గుచ్చుకున్నట్టు, పాము మీద కాలేసినట్టు, అరిచినా వినేవాడు లేనట్టు. గురువారం కరెంటు పనుల వల్ల తను పనిచేసే కుట్టు షాపుకు సెలవిచ్చారు. తమ్ముడి బస్సు చివరి స్టాపు ఆ అడవి పక్కనే అని ఆమెకు గుర్తొచ్చింది. ఊరికే గుర్తొచ్చిందనుకుని చెప్పులేసుకుంది.

"ఎక్కడికక్కా, పెళ్లిచూపులకా?" అన్నాడు తమ్ముడు అద్దంలో చూస్తూ.

"అడవి చూసొస్తాను. పిల్లని పంపే చోటు ఎలాంటిదో చూసుకోవద్దట్రా?"

"చూసుకో, చూసుకో. పులి కనిపిస్తే నా పేరు చెప్పు, వదిలేస్తుంది."

మూడు గంటలు తిరిగింది. ముళ్లకు కుచ్చిళ్లు చిరిగాయి. భయపడ్డవన్నీ వెతుక్కుంటూ పోయినట్టుంది ఆమె నడక. చివరికి ఒకటి దొరకనే దొరికింది. నీళ్ల ట్యాంకు దాటాక, కూలిన గోడ వెనక, పొదల చాటున పాత రాళ్ల క్వారీ గుంట. నిలువునా ఇద్దరు మనుషుల లోతు. అంచున నిలబడి ఆమె ఒక రాయి విసిరింది. అది కింద తగిలిన చప్పుడు విని అక్కడే కూలబడిపోయింది. దేవుడే నన్నిక్కడికి పంపాడు అనుకుంది.

సాయంత్రం కూతురు షాపు నుంచి వచ్చి బూట్ల లేసులు కట్టుకుంటూ ఉండగా తల్లి పక్కన కూర్చుని ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది.

"నామాట విను. ట్యాంకు దగ్గర కాలిబాట రెండుగా చీలుతుంది. కుడివైపుది తిన్నగా గోడ దాకా పోతుంది, గోడ మధ్యలో పడిపోయింది, అక్కడ మనిషి దూరొచ్చు. కానీ దూరకు. దాని వెనకే పెద్ద గుంట ఉంది. ఎడమవైపు పొదలు మరీ చిక్కగా లేవు, అటు నుంచి వాగు..."

కూతురి చేతులు లేసు మీదే ఆగిపోయాయి.

"అమ్మా, ఆపు."

"వాగు దాకా పోవచ్చు. నీళ్లు లేవులే..."

"అమ్మా! నీ కాళ్లకి దండం పెడతాను, ఆపు." రెండు చేతులతో చెవులు మూసుకుంది. అప్పటికే విన్నదంతా విన్నాక ఆ చేతులు ఎందుకో ఆమెకే తెలియనట్టు నెమ్మదిగా దించేసింది. "ఎప్పుడెళ్లావు?"

"ఇవాళే. ఎవరూ చూడలేదు. ఏమైందే? నీ మంచికే కదా..."

కూతురు లోపలికెళ్లి ఆ తొమ్మిది పేజీలు తెచ్చి అయిదో పేజీ తీసి ఒళ్లో పెట్టింది. సహాయక సభ్యులు కూడా పోటీ ప్రాంతంలోకి వెళ్లరాదు. వెళ్లినా, అక్కడి సంగతి పోటీదారు చెవిన పడినా, పోటీదారే స్వయంగా తెలియజేయాలి. అచ్చు అక్షరాల్లో, పెద్దగా, స్పష్టంగా ఉంది. చదువుతూ ఉంటే తల్లికి అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఎవరికి తెలుస్తుందే? నేను చచ్చినా చెప్పను. మావయ్య చెప్పడు."

"నాకు తెలుసు కదమ్మా." కూతురు గొంతులో కోపం లేదు. "ఇప్పుడు ట్యాంకు కనబడగానే నా కాళ్లు వాటంతటవే ఎడమవైపు తిరుగుతాయి. మిగతా ఇద్దరూ అక్కడ ఆగి మ్యాపు చూసుకుంటారు. నేను ఆగను."

"పోనీ, నేనంతా తప్పు చెప్పానే! నాకు కుడీ ఎడమా తెలియదు. గుంటా లేదు, వాగూ లేదు!"

కూతురు ఫోను తీసి కోచ్‌కు చేసింది. మూడు మాటల్లో చెప్పేసి పెట్టేసింది. ఆ సాయంత్రం పరుగుకు వెళ్లలేదు.

మర్నాడు పొద్దున సమాఖ్య ఆఫీసులో కార్యదర్శి, కోచ్ మేడం, మరో ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నారు. తల్లి కుర్చీలో కూర్చోలేదు. తప్పు చేసినవాళ్లు కూర్చోకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు, తనంతట తనే నిలబడింది.

"సార్, తప్పు నాది. నా సంతకం కొట్టేయండి. నన్ను తీసెయ్యండి. పిల్లని పరిగెత్తనివ్వండి."

"మీ సంతకం కొట్టేస్తే మీ అమ్మాయి తలలోంచి ఆ అడవి పోదు కదమ్మా," అన్నాడు కార్యదర్శి.

"దాని బతుకు పోతుంది సార్. మళ్లీ దానికి వయసుండదు."

కార్యదర్శి ఫైలు మూసి పక్కన పెట్టాడు. అది ఆయన చేతిలో లేకుండా చూడడం కోచ్‌కు కూడా కొత్తే. "అమ్మా, మొదటి ఏడాది ఇది. మిగతా రెండిళ్లల్లోనూ తల్లులున్నారు. వాళ్లు కూడా భయపడే ఉంటారు. కానీ వెళ్లలేదు. ఇవాళ మీకోసం నేను కన్ను మూసుకుంటే రేపు వాళ్లకి నా మొహం ఎలా చూపించను?"

"ఆ గుంట మాత్రం ఉంది సార్," అంది తల్లి. "మిగతా పిల్లలైనా పడిపోకుండా..."

అప్పుడు కోచ్ మేడం తల వంచుకుని అంది. "అది మ్యాపులో ఉందమ్మా. ఆర్నెల్ల కిందటే గుర్తించారు. ఆదివారం పొద్దున్నే దాని చుట్టూ పసుపు పట్టీ కట్టి ఒక మనిషిని కాపలా పెడతారు. ఎప్పుడూ పెడతారు."

పైన ఎవరో మెట్ల మీద పరిగెత్తినట్టున్నారు, సున్నం రాలింది. పోటీ నుంచి తప్పుకుంటున్నట్టు కూతురు సంతకం పెట్టాల్సిన చోట పెట్టింది. అందరికీ నమస్కారం చేసింది. కార్యదర్శి గుమ్మం దాకా వచ్చి, "నువ్వే చెప్పావు, చాలామంది చెప్పరు," అన్నాడు. కూతురు తల ఊపింది. ఆ మెప్పును ఏం చేసుకోవాలో తల్లికి అర్థం కాలేదు.

ఆదివారం కూతురు మందుల షాపుకు వెళ్లింది. ఆరో చోటు మిగతా ఇద్దరిలో పంతొమ్మిదేళ్ల పిల్లకు వచ్చిందని సాయంత్రం కోచ్ ఫోను చేసి చెప్పింది. "మంచిదే మేడం, బాగా పరిగెడుతుంది," అంది కూతురు. నిజంగానే అంది.

ఆ తర్వాత పరుగు మానేస్తుందేమోనని తల్లి భయపడింది. మానలేదు. ఎప్పటిలాగే తెల్లారకముందు వెళ్లి వస్తోంది. తల్లి అడక్కపోయినా ఇంతకుముందు అన్నీ చెప్పే పిల్ల, ఎక్కడ జారిందీ, ఎవరి కుక్క తరిమిందీ, ఏ వేలు పగిలిందీ, ఇప్పుడు అడిగినా చెప్పడం లేదు. మొదట్లో పిల్ల అలిగిందనుకుంది తల్లి. అలకైతే తీరేది. పిల్ల మామూలుగానే నవ్వుతోంది, టిఫిన్ తింటోంది, మేనమామతో పరాచికాలాడుతోంది. అమ్మకు చెబితే అమ్మ ఏదో ఒకటి చేస్తుంది, చెప్పకూడదని మాత్రం ఎక్కడో నిర్ణయించుకున్నట్టుంది.

ఒక ఉదయం తల్లి కాజాలు కుడుతూ తల ఎత్తేసరికి కూతురు గుమ్మం పట్టుకుని లోపలికొస్తోంది. కుడి పాదం నేల మీద పూర్తిగా ఆనడం లేదు.

"ఏమైందే? మడమా?"

"ఏం లేదమ్మా."

"నొప్పిగా ఉందా?"

"లేదు. బాగానే ఉన్నాను."

నవ్వింది కూడా. ఆ కాలు ఈడ్చుకుంటూనే నడిచి వెళ్లి, గది తలుపు మెల్లగా వేసుకుంది.