ఒక్క సూది బాకీ

అన్యాయం జరిగింది ఎవరికి? ఆసుపత్రిలో పక్కదుప్పట్లు ఉతికే మనిషికి. అందరూ ఆమెను దుప్పట్లావిడ అనేవారు. ఏమిటా అన్యాయం? తొలి కాన్పయిన మూడు రోజుల్లోగా ఆమెకు వేయవలసిన ఒక్క సూది ఎవరూ వేయలేదు. వేయలేదన్న సంగతి ఇరవై ఏడేళ్లపాటు ఆమెకు తెలియనే లేదు.

మొదటివాడు బతికాడు. తరువాత పుట్టిన ముగ్గురూ రెండో రోజుకే కనుగుడ్లతో సహా పచ్చబడి, పాలు పట్టకుండానే పోయారు. భర్త అక్క ఆమెకు ‘పిల్లలమింగి’ అని పేరు పెట్టింది. వీధి ఆ పేరును అందిపుచ్చుకుంది. కొన్నేళ్లకు రక్తనిధి పెద్దడాక్టరు ఆమెను పిలిపించి, “నీ రక్తం బంగారమమ్మా, అప్పుడప్పుడూ వచ్చి ఇస్తూ ఉండు,” అన్నాడు. పంతొమ్మిదేళ్లుగా చెయ్యి చాస్తూనే ఉంది. ఎందుకు బంగారమో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. తన ఒంట్లోనూ మంచిదొకటి ఉందన్న మాటే ఆమెకు చాలింది.

ఇప్పుడు కోడలికి తొలి కాన్పు. మూడో రోజు ఉదయం మనవరాలి మీదికి వంగబోయింది.

“ఎడంగా ఉండవే. పసిగుడ్డు మీద నీ నీడ పడనివ్వకు,” అంది వదిన.

అలవాటైన మాటే. వెనక్కి జరిగింది. అంతలో నర్సు కాగితం పట్టుకుని వచ్చింది.

“పెద్దమ్మా, మీ కోడలి రక్తం నెగటివ్, పాపది పాజిటివ్. సాయంత్రంలోగా సూది పడాలి.”

“పడకపోతే?”

“పాప ఎర్రకణాల మీద ఒక గుర్తుంటుంది. తల్లి కణాల మీద అది లేదు. కాన్పులో అవి తల్లి ఒంట్లో కలిస్తే, పరాయివాళ్లు చొరబడ్డారనుకుని రక్తం కత్తులు నూరుకుంటుంది. ఈ పాపకేం కాదు. తరవాత పుట్టే బిడ్డల మీద పడుతుంది. పచ్చబడిపోతారు.”

దుప్పట్లావిడ మంచం కమ్మి పట్టుకుంది. “నాది ఏ గ్రూపు?”

“అదేంటి పెద్దమ్మా, మీదీ నెగటివే! రక్తనిధికి మీరిచ్చే రక్తంలోని ఆ కత్తులతోనే కదా ఈ మందు చేసేది. తల్లి రక్తం కళ్లు తెరవకముందే పాప కణాల్ని ఏరి పారేస్తుంది.” నర్సు గొంతు తగ్గించింది. “కానీ మందు లేదంటున్నారు. ఉన్న రెండూ డబ్బు కట్టే గదులకట.”

మూడంతస్తులు దిగి రక్తనిధికి వెళ్లి, కోడలికి సూది అడిగింది దుప్పట్లావిడ.

“వచ్చే వారం సరుకొస్తుంది,” అన్నాడు పెద్దడాక్టరు తలెత్తకుండా.

“నా చేతిలోంచి తీసుకునేటప్పుడు వచ్చే వారం రమ్మన్నానా?”

ఆయన తలెత్తాడు.

“నా పిల్లలు ఎందుకు పోయారో మీకెప్పుడు తెలిసింది?”

ఆయన చేతిలోని పెన్ను పక్కన పెట్టాడు. “మొదటిసారి నీ రక్తం తీసుకున్నప్పుడు. పాత కేసుకాగితం తెప్పించి చూశాను. తొలి కాన్పులో మీ ఆయన తన రక్తదానం కార్డు చూపిస్తే, ఆ గ్రూపే నీ పేరుకెదురుగా రాసేశారు. నీ వేలు ఎవరూ పొడవలేదు. కింద సంతకం నాది.”

“పంతొమ్మిదేళ్లుగా నోట్లో ఏం పెట్టుకున్నారు?”

“భయపడ్డాను.”

“మీరు భయపడ్డారు, నేను పిల్లలమింగినయ్యాను! పోయినవాళ్లను మీరు తేలేరు, అది అడగను. నాకు పడాల్సిన సూది ఒకటుంది. అది నా కోడలికి ఇవ్వండి. మీ చేత్తో. నన్ను ఆ మాటన్నవాళ్ల ముందు.”

ఆయన ఫ్రిజ్ తలుపు తెరిచాడు.

పది మంచాల వార్డులో, వదిన ఎదుట, పెద్దడాక్టరు నిలబడి అందరికీ వినపడేలా చెప్పాడు: “ఈమె పిల్లల్ని ఈమె మింగలేదు. చేయవలసిన పరీక్ష నేను చేయించలేదు. అందుకే ముగ్గురూ పోయారు. తెలిసీ దాచాను.”

వదిన మంచానికి అడ్డంగా నిలబడే ఉంది.

“కాస్త ఎడంగా ఉండు వదినా,” అంది దుప్పట్లావిడ. “డాక్టరుగారికి వెలుతురు కావాలి.”

సూది కోడలి ఒంట్లోకి దిగింది. సిరంజి అడుగంటేదాకా దుప్పట్లావిడ రెప్ప వేయలేదు. చుక్క మిగల్లేదు.