రెండుసార్లు తొక్కి, తాళం తిప్పాలి

"రాధా, టీ కాస్త ఎక్కువ పెట్టు. కారు ఇంజిన్ సంగతి ఇవాళ తేల్చేస్తున్నాం" అన్నాడు మా ఆయన జగదీష్. కారు నాది. తేల్చేది ఆయనా, ఆయన ఫ్రెండ్సూ. టీ మాత్రం మళ్లీ నాదే.

అది పందొమ్మిదివందల అరవై ఎనిమిదో మోడల్ ఫోర్డ్ మస్టాంగ్. ఇక్కడ అమెరికాలో, నేపర్‌విల్‌లో మా వీధి చివర ముసలాయన అమ్ముతుంటే, ఉద్యోగం వచ్చాక నా జీతంతో కొన్నాను. "పాత ఇనుముకి ఇంత మోజేమిటి?" అన్న మా ఆయనే ఇప్పుడు ఇంటికెవరొచ్చినా "నా కారు చూద్దురుగాని" అంటూ గరాజ్‌లోకి తీసుకెళుతున్నాడు. అంతకుముందు, భర్త వెంట వచ్చేవాళ్లకిచ్చే హెచ్-ఫోర్ వీసా మీద ఉద్యోగం లేకుండా ఇంట్లో ఉన్న రోజుల్లో "నువ్వు ఖాళీయే కదా" అంటూ వీకెండ్‌కి ముప్ఫై మందికి వండించేవాడు. ఆ ఖాళీలోనే కమ్యూనిటీ కాలేజీలో కార్ల రిపేరు క్లాసులో చేరాను. క్లాసు మొత్తానికి నేనొక్కదాన్నే ఆడదాన్ని. మొదటిసారి ఇంజిన్ విప్పి, బిగించి, స్టార్ట్ చేసినరోజు సంతోషం పట్టలేక ఏడ్చేశాను. ఈ మస్టాంగ్ ఇంజిన్ని కూడా పోయిన చలికాలమంతా కూర్చుని నేనే బాగుచేసుకున్నాను. అప్పుడు ఆయన అన్నమాట ఒక్కటే. "పప్పులో గ్రీజు వాసనొస్తోంది."

టీ ట్రేతో గరాజ్‌లోకి వెళ్లేసరికి బానెట్ మీద లాప్‌టాప్, అందులో ఎక్సెల్ షీట్. సాఫ్ట్‌వేర్ వాళ్లు నలుగురు చేరితే ఏదైనా రివ్యూ మీటింగే. కొత్త ఇంజిన్లన్నిటినీ హార్స్‌పవర్ ప్రకారం సార్ట్ చేసి, ఓట్లు కూడా వేసేశారు.

"అయిదొందల హార్స్‌పవర్‌ది ఫైనల్ చెయ్ అన్నా. పాతది పీకి పారేద్దాం" అంటున్నాడు ఆయన ఆఫీసు ఫ్రెండు లక్ష్మీపతి.

"మరి బ్రేకులు? పాత డ్రమ్ బ్రేకులతో అంత పవర్‌ని ఎలా ఆపుతారు? నేను తిరిగే రోడ్డు మీద అడుగడుగునా సిగ్నళ్లే. అక్కడ గ్రీన్ పడగానే కదిలే లాగుడుంటే చాలు. అది దీనికుంది."

"అవన్నీ ఫేజ్ టూలో చూద్దాం వదినా. పకోడీలేమైనా…" అన్నాడు లక్ష్మీపతి.

పాత ఇంజిన్ ఎంత డొక్కుదో చూపిస్తానని జగదీష్ సీట్లో కూర్చున్నాడు. యాక్సిలరేటర్ పెడల్ టపటపా తొక్కుతూ తాళం తిప్పాడు. అంటుకోలేదు. మళ్లీ తొక్కాడు. తర్వాత లక్ష్మీపతి కూర్చుని తన వంతు తొక్కాడు. గరాజంతా పెట్రోల్ కంపు.

"చూశావా, దీని పని అయిపోయింది" అన్నాడు జగదీష్.

నాకు నవ్వాగలేదు. "లేవండి" అని లక్ష్మీపతిని లేపి, ట్రే మా ఆయన చేతిలో పెట్టాను. సీట్లో కూర్చుని, పెడల్‌ని కిందికంటా తొక్కిపట్టి, తాళం తిప్పాను. ఇంజిన్ దగ్గింది, తుమ్మింది, ఒక్కసారిగా గర్జించింది. గోడకున్న రెంచీలు గలగలలాడాయి. నా పెళ్లిలో మేళం కూడా నాకింత కమ్మగా వినిపించలేదు.

"ఏం చేశావ్?"

"చల్లగా ఉన్నప్పుడు రెండేసార్లు తొక్కి, వదిలి, తాళం తిప్పాలి. మీరంతా కలిసి దాన్ని పెట్రోల్‌తో ముంచేశారు. అలా మునిగితే పెడల్ కిందికంటా తొక్కిపట్టి తిప్పాలి. ఈ ఇంజిన్ దిగదు. ముందు డిస్క్ బ్రేకులు వేయిస్తాను. పిండి కలిపి ఉంది, పకోడీలు మీరు వేసుకోండి."

లాప్‌టాప్ తీసేదాకా ఆగి, కారు రోడ్డెక్కించాను. కిటికీ దించి, ఎవరూ వినకపోయినా గట్టిగా పాడుకున్నాను. నా లిస్టులో బ్రేకుల తర్వాత ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. అది పెట్టిస్తే ఈ తొక్కుడు గొడవుండదు, తాళం తిప్పితే చాలు, ఎవరి చేతికైనా స్టార్టవుతుంది. సిగ్నల్ దగ్గర ఆగి కాసేపు ఆలోచించాను.

ఇప్పుడప్పుడే వద్దులే అనుకున్నాను.