దూదికి బదులు

దూది నాలుగు రోజులుగా అన్నం ముట్టడం లేదు. నీళ్లు మాత్రం గిన్నెడు పోస్తే గిన్నెడూ తాగేస్తోంది. త్రివేణి దాన్ని ఆదోనిలోనే పశువుల ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరు రెండు రోజులు సూదులు వేసి, మూడోరోజు ఉన్నమాట చెప్పాడు.

“ఈడ స్కానింగు లేదు మేడం. కడుపులో ఏదో ఉండాది. కర్నూలుకు తీసుకుపోండి. రేపూ మాపూ అనొద్దు.”

త్రివేణి ఎమ్మిగనూరులో హైస్కూలు లెక్కల టీచరు. కరెంటాఫీసులో పనిచేసే భర్త జయరాం పోయి తొమ్మిదేళ్లయింది. అప్పటి నుంచి ఆదోనిలో అన్న శశికాంత్ ఇంట్లో, మేడ మీద గదిలో ఉంటూ రోజూ బస్సులో బడికి పోయి వస్తోంది. శశికాంత్‌ది పత్తి వ్యాపారం. ఎనిమిదేళ్ల కిందట ఆమె అన్నకు క్యారియర్ ఇవ్వడానికి మార్కెట్ యార్డుకు పోయినప్పుడు, మూటల సందులో ఒళ్లంతా పత్తి పీచు అంటుకుని వణుకుతున్న తెల్ల కుక్కపిల్ల కనబడింది. కొంగులో చుట్టి తెచ్చుకుంది. పేరు కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది.

ఆదివారం పొద్దున, వీధిలో బాడుగ కారు తోలే ఉరుకుందు కారు మాట్లాడుకుని, వెనక సీటు మీద పాత దుప్పటి పరిచి దూదిని పడుకోబెట్టింది. వదిన అలివేలుమంగ గేటు దగ్గరికి వచ్చి నిలబడింది.

“కుక్కకు కారా?”

శశికాంత్ వరండాలో కాఫీ తాగుతున్నాడు. “దానికి వయసైపోయింది త్రివేణీ. పోతే పోనీ. ఇంకోటి తెచ్చుకుందాం. మా యార్డులో కావలసినన్ని తిరుగుతాంటాయి” అన్నాడు.

కోపంగా అనలేదు. పగిలిన గ్లాసు గురించి చెప్పినట్టు చెప్పాడు. త్రివేణి ఏమీ అనకుండా కారెక్కింది. ఆ ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఆమె చాలా మాటలకు ఏమీ అనలేదు.

కర్నూలులో డాక్టర్ మేరి స్కానింగు చేసి, తెర మీద నల్లగా కనిపిస్తున్న చోటును వేలితో చూపించింది. గర్భసంచి నిండా చీము పట్టింది. “ఈ రోజే తీసేయాలి. తీస్తే బతుకుతుందని గట్టిగా చెప్పలేను. తీయకపోతే మాత్రం రెండు రోజులు దాటదు.”

ఆపరేషను, మందులు, వారం రోజులు అక్కడే ఉంచడం అన్నీ కలిపి ఇరవై ఆరు వేలు. స్కూటీ కొనుక్కుందామని త్రివేణి దాచిన డబ్బుంది. అందులోంచి కట్టింది. ఫారంలో యజమాని పేరూ ఫోన్ నంబరూ రాశాక, యజమాని దొరక్కపోతే ఇంకెవరికి చేయాలన్న గడి వచ్చింది. అన్న నంబరు రాసింది. బ్యాంకులో, ఎల్ఐసీలో, ఎక్కడ అలాంటి గడి ఉన్నా తొమ్మిదేళ్లుగా ఆమె రాస్తున్నది ఆ నంబరే.

ఆపరేషన్ బాగానే అయింది. మర్నాటి నుంచి రోజు విడిచి రోజు పదో తరగతి పరీక్షలు. త్రివేణికి ఎమ్మిగనూరులో ఇన్విజిలేషన్ డ్యూటీ. సెలవు దొరికే పని కాదు. దూదిని క్లినిక్‌లోనే ఉంచి, తల నిమిరి, ఆదోనికి తిరిగి వచ్చింది.

పరీక్ష జరిగేంతసేపు టీచర్ల ఫోన్లు కూడా బయట అప్పగించాలి. బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు త్రివేణి ఫోన్ తీసుకుని చూస్తే క్లినిక్ నుంచి పదకొండు కాల్స్ ఉన్నాయి. వేపచెట్టు కిందకు పోయి ఫోన్ చేసింది.

“దూదికి రక్తం బాగా పడిపోయింది మేడం,” అంది డాక్టర్ మేరి. “పొద్దున నుంచి మీకు చేస్తున్నాను. మీరు దొరక్కపోతే మీ అన్నగారికి చేశాను.” గొంతు తగ్గించి చెప్పింది. “ఆయన ఇంక వద్దన్నారు. శాశ్వతంగా నిద్రపుచ్చే సూది వేసేయమన్నారు. రాతపూర్వకంగా కావాలని నేనంటే వాట్సాప్‌లో రాసి పంపారు కూడా.”

త్రివేణి వెంటనే అడిగింది. “వేసినారా?”

“లేదు. సంతకం పెట్టింది మీరు. మీ నోటితో వినాలని ఆగాను.”

“బతికించే దారి ఉందా?”

“రక్తం ఎక్కించి చూడొచ్చు. ఇచ్చే కుక్క కావాలి. ఇంటి నుంచి మా కుక్కను తెప్పిస్తాను. ఇంకో ఐదు వేలు అవుతుంది.”

“తెప్పించండి. నేను వస్తాండాను.”

అన్న పంపిన మెసేజీని డాక్టర్ ఆమెకు పంపింది. కర్నూలు బస్సులో కిటికీ పక్కన కూర్చుని త్రివేణి దాన్ని చదివింది. ‘నేను యజమాని అన్నను. నాకు అభ్యంతరం లేదు. ఇంతటితో ముగించండి.’

నాకు అభ్యంతరం లేదు. ఆ ముక్క దగ్గర ఆమె కళ్లు ఆగిపోయాయి. అతనికెందుకు ఉంటుంది అభ్యంతరం? ఎనిమిదేళ్లలో అతను దాని గిన్నెలో ఒక్కసారి నీళ్లు పోయలేదు. అది మేడమెట్లు దిగి వస్తే కాలితో పక్కకు తోసేవాడు. పొద్దున పదింటికి ఎక్కడో కొట్టులో కూర్చుని, పక్కవాళ్లతో మాట్లాడుతూ, సరుకు తిప్పి పంపినట్టు మూడు వాక్యాలు కొట్టి పంపాడు. ఆ తర్వాత బహుశా టీ తెప్పించుకుని ఉంటాడు. త్రివేణికి ఏడుపు రాలేదు. చెవులు వేడెక్కాయి. కోడుమూరు దాటేదాకా ఆమె ఆ ఫోన్‌ను పిడికిట్లో బిగించి పట్టుకునే ఉంది.

డాక్టర్ మేరి కుక్క నల్లగా, బర్రెదూడంత ఉంది. బల్ల మీద బుద్ధిగా పడుకుని రక్తం ఇచ్చి, రెండు గుడ్లు తిని, తోక ఊపుకుంటూ ఇంటికి పోయింది. సాయంత్రానికి దూది చిగుళ్లు కాస్త ఎర్రబడ్డాయి.

త్రివేణి ఆదోనికి పోలేదు. తోటి టీచరు అరుణ వాళ్ల అమ్మగారిల్లు కర్నూలులోనే ఉంటే అక్కడ ఉండి, శుక్రవారం పరీక్ష డ్యూటీకి అక్కడి నుంచే పోయి వచ్చింది. వదినకు మాత్రం ఒక మెసేజీ పెట్టింది: కర్నూలులో ఉన్నాను, శనివారం వస్తాను. ‘సరే’ అని జవాబు వచ్చింది. దూది ఎట్లుందని అన్న గానీ వదిన గానీ అడగలేదు. వాళ్ల లెక్కలో దూది బుధవారమే చచ్చిపోయిందని ఆమెకు అర్థమైంది. తను ఎక్కడో కూర్చుని ఏడుస్తోందనుకుంటున్నారు. అనుకోనీ అని ఊరుకుంది.

శుక్రవారం సాయంత్రం దూది ఆమె చేతిలోంచి నాలుగు ముద్దలు పెరుగన్నం తిన్నది. శనివారం మధ్యాహ్నం ఉరుకుందు కారులో ఇద్దరూ ఆదోనికి వచ్చారు.

గేటు తీసి హాల్లోకి రాగానే మెట్ల కింద, దూది పడుకునే చోట, కొత్త మెత్త కనిపించింది. దాని మీద మెడకు ఎర్ర రిబ్బను కట్టిన తెల్ల కుక్కపిల్ల. దాని ముందు దూది గిన్నె. అన్న కూతురు మోకాళ్ల మీద కూర్చుని పిలుస్తోంది.

“దూదీ, ఇట్రా. దూదీ.”

కుక్కపిల్ల తల తిప్పలేదు. ఆ పేరు దానికింకా అలవాటు కాలేదు. త్రివేణి చేతుల్లో ఉన్న దూది చెవులు నిక్కబొడుచుకుని, పిలిచిన వైపు చూసింది.

అలివేలుమంగ వంటింట్లోంచి వచ్చి అక్కడే నిలబడిపోయింది. “ఇది బతికే ఉండాదా?”

“ఆ పిల్ల ఎవరిది వదినా?”

“నీకే. మీ అన్న బళ్లారికి పోయి తెచ్చినాడు. జాతి కుక్క. పద్దెనిమిది వేలు. తెల్లదే కావాలని రెండు షాపులు తిరిగినాడంట. పేరు గూడా అదే పెట్టినాం. నీకు తేడా తెలీకుండా ఉంటుందని.”

అన్నం తిని చెయ్యి తుడుచుకుంటూ శశికాంత్ హాల్లోకి వచ్చాడు. దూదిని చూసి, త్రివేణిని చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“డాక్టరుకు ఏం రాసి పంపినావన్నా?”

“ఏం రాసేది? నీ ఫోన్ కలవలేదు. అది ఆడ బాధపడతాంది. ఎవరో ఒకరు చెప్పాల గదా.”

“నా చెల్లెలు ఒంటిగంటకు బయటికి వస్తాది, అంతదాకా ఆగండి అని చెప్పొచ్చు. లేదంటే ఒంటిగంటకు నాకు ఫోన్ చేసి, ఇట్ల చెప్పినానమ్మా అనొచ్చు. మూడు రోజులైంది. ఒక్క మాట చెప్పినావా?”

“నువ్వు ఏడుస్తావని చెప్పలేదు. అందుకే గదా దీన్ని తెచ్చింది.”

“దూదికి నువ్వు పైసా పెట్టినావా? ఒక్క పూట అన్నం పెట్టినావా? ఇంతటితో ముగించండి అనేదానికి నువ్వెవరు?”

శశికాంత్ ముఖం ఎర్రబడింది. చెల్లెలు అతనితో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు. “ఒక కుక్కకు ముప్పై వేలు పోసినారని తెలిస్తే బజారులో నన్ను చూసి నవ్వుతారు” అన్నాడు.

“దీనికి పద్దెనిమిది వేలు పెడితే నవ్వలేదా?”

“దీనికి పెడితే చేతికి కొత్తది వచ్చింది. దానికి పెడితే ఏమొచ్చింది? ఉన్నదే గదా.”

“ఉన్నదే,” అంది త్రివేణి. “ఉన్నదాన్ని పోగొట్టుకోకూడదనే పెట్టినా.” “జయరాం పోయి ఏడాది గూడా తిరక్కుండానే ఈ హాల్లోకి పెళ్లిచూపులని ఒకాయన్ను తీసుకొచ్చి కూర్చోబెట్టినావు. అదే కరెంటాఫీసు, అదే ఉద్యోగం, ఎత్తు గూడా అంతే అని చెప్పినావు. ఆ పొద్దు నేను టీ ఇచ్చి మేడమీదికి పోయినా. ఈ పొద్దు పోను.”

“ఆయన మాటా కుక్క మాటా ఒకటేనా?” అంది అలివేలుమంగ.

“కాదు వదినా. మనిషి వేరు, కుక్క వేరు. మీ పద్ధతే ఒకటి. ఒకటి పోతే అట్లాంటిదే ఇంకొకటి తెచ్చి ఆడ పెడితే సరిపోతుందని మీ లెక్క. అది కూడా నన్ను అడక్కుండా.”

అన్న కూతురు పిల్లను ఒళ్లో పెట్టుకుని బిక్కమొహంతో చూస్తోంది. ఆ ఇద్దరి తప్పేమీ లేదు. త్రివేణి పాప తల మీద చెయ్యి వేసి, దూదిని ఎత్తుకుని మెట్లెక్కింది. సాయంత్రం బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఎమ్మిగనూరులో ఇల్లు దొరకడానికి పది రోజులు పట్టింది. ఒంటరి ఆడమనిషికి ఇవ్వమన్నవాళ్లు ఇద్దరు. కుక్క ఉంటే ఇవ్వమన్నవాళ్లు ముగ్గురు. అందులో ఒకాయన, “దాన్ని వదిలేసి రండి మేడం, కావాలంటే మా వీధిలోనే ఇంకోటి పెంచుకుందురు” అన్నాడు. త్రివేణి అడ్వాన్సు కోసం తీసిన డబ్బును తిరిగి బ్యాగులో పెట్టుకుని, ఆ గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది.

చివరికి మగ్గాలుండే వీధిలో ఖాతూన్ బీ తన ఇంటి పక్కవాటా ఇచ్చింది. ఆమెకు డెబ్బై ఏళ్లుంటాయి. దూదినీ, దాని కడుపు మీద కుట్లనూ చూసి, “చూడమ్మా, ఈ వరండాలో నేను నమాజ్ చేసుకుంటా. కుక్క నీ గుమ్మం దాటి ఈడికి రాకూడదు. అంతకుమించి నాకేం లేదు” అంది. త్రివేణికి ఆ మాట నచ్చింది. తన షరతేదో ముఖం మీద చెప్పి, జవాబు కోసం ఆగిన మనిషిని చూసి ఆమెకు చాలా రోజులైంది.

దూది మెల్లగా కోలుకుంది. గొరిగిన చోట వెంట్రుకలు మళ్లీ వచ్చాయి. మగ్గం చప్పుడు మొదలైతే మొదట్లో మంచం కిందికి దూరేది. నెల తిరిగేసరికి ఆ చప్పుడులోనే నిద్రపోవడం నేర్చుకుంది.

మే నెలలో ఒక సాయంత్రం త్రివేణి ఖాతాలో ముప్పై ఒక్క వేలు పడ్డాయి. వెంటనే శశికాంత్ ఫోన్ చేశాడు.

“ఆసుపత్రి ఖర్చు. ఎంతైందో డాక్టరును అడిగి కనుక్కున్నా. ఇంక మనసులో పెట్టుకోవద్దు. ఆదివారం అన్నానికి రా. నువ్వు పోయినప్పటి నుంచి చుట్టాలంతా అడుగుతాండారు.”

“డబ్బులు నేను అడగలేదన్నా.”

“మరేం కావాల నీకు? చెప్పు.”

“నీకు చెప్పకుండా చేసినాను, తప్పయిందని ఒక్క మాట.”

అవతల టీవీ మోగుతోంది. “నీ మంచికే చేసినా త్రివేణీ” అన్నాడు.

“ఆ పిల్లకు పేరు మార్చినారా?”

“పాపకు అలవాటైపోయింది. పేరుదేముంది?”

త్రివేణి ఫోన్ పెట్టేసింది. అప్పటికప్పుడే ముప్పై ఒక్క వేలనూ తిరిగి అన్న ఖాతాకు పంపింది. పిన్ నంబరు రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారికి డబ్బు పోయింది.

వరండాలో చాప దులుపుతున్న ఖాతూన్ బీ తలుపు వైపు చూసింది. “ఎవరమ్మా ఫోన్లో?”

“మా అన్న. అన్నానికి రమ్మంటాండాడు.”

“పోతావా?”

“పోను,” అంది త్రివేణి. స్టవ్ మీద దూదికి ఉడుకుతున్న అన్నం గిన్నె దించడానికి లోపలికి పోయింది.