పక్కసీటుకు బ్రేకుండదు

"అంత కిందికుంటే నేను దిగేదెలారా? క్రేను పెట్టి లేపిస్తావా?" అంది అత్తగారు, పొద్దున్నుంచీ అంటున్న మాటే మళ్ళీ.

"అమ్మా, అది స్పోర్ట్ సెడాన్ కారు. కిందికే ఉంటుంది. రోడ్డుని కరుచుకుని పోతుంది. ఎత్తుగా కావాలంటే ట్రాక్టర్ కొనాలి."

"ట్రాక్టరే నయం. దానిమీద మనిషిలా కూర్చోవచ్చు. ఫోటోలో చూశాగా, ఇందులో పడుకోవాలి."

"మీ అమ్మ సంగతి తర్వాత," అన్నారు మామగారు, కొడుకు ఫోన్లో ఉన్న బొమ్మని వేళ్ళతో పెద్దది చేసి చూస్తూ. "ముదురు రంగు మీద దుమ్ము కనిపిస్తుంది. రోజూ ఎవరు తుడుస్తారు?"

ఎవరు తుడుస్తారో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ తుడిచే మనిషి గది మూల ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి మొగుడి చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరిస్తోంది.

వారం నుంచీ ఇంట్లో ఇదే రగడ. ఎత్తు గురించి, రంగు గురించి, డిక్కీలో ఎన్ని సంచులు పడతాయన్న దాని గురించి. కొత్తది కొనే తాహతు లేదు కాబట్టి ఒక్క చేతి మీద నడిచిన బండిని వెతికి పట్టుకున్నాడతను. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో అభ్యంతరం ఉంది, ప్రతిదానికీ అతని దగ్గర జవాబుంది. ఇస్త్రీ బల్ల దగ్గరి మనిషి అభ్యంతరం ఏమిటని మాత్రం ఎవరికీ అడగాలనిపించలేదు. అడిగితే మాత్రం ఏం చెబుతుంది?

"పికప్ చూడాలి నాన్నా," అన్నాడతను. ఆ మాట అనేటప్పుడు అతని గొంతు ముద్దుగా అయిపోతుంది, చంటిపిల్ల నడక నేర్చిందని చెబుతున్నట్టు. "కాలు ఇలా ఆనిస్తే చాలు, వీపు సీటుకి అతుక్కుపోతుంది."

ఆమె చేతిలో ఇస్త్రీపెట్టె కదలడం మానేసిందని కమురు వాసన వచ్చేదాకా తెలియలేదు.

"చూసి చెయ్యి," అన్నాడతను తల తిప్పకుండానే. నెమ్మదిగానే అన్నాడు. ఇంట్లో ఎప్పుడూ నెమ్మదిగానే అంటాడు.

అతను గొంతు పెంచడన్న సంగతి బంధువుల్లో గొప్పగా చెప్పుకుంటారు. పళ్ళేలు విసరడు, తలుపులు ధడేలున వెయ్యడు, తాగి రాడు. కోపం వస్తే దాన్ని జేబులో పెట్టుకున్నట్టు పెట్టుకుని, కారెక్కేదాకా ఆగుతాడు. పెళ్ళయిన కొత్తలో స్నేహితులింటికి విందుకి వెళ్ళారు. అతను చెబుతున్న సంగతిలో ఏదో పొరపాటుంటే ఆమె నవ్వుతూ సరిదిద్దింది. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. తిరిగొచ్చేటప్పుడు ఒక్క మాటా మాట్లాడలేదు. పెద్ద వంతెన ఎక్కగానే స్పీడు ముల్లు లేవడం మొదలుపెట్టింది. "కొంచెం నెమ్మదిగా వెళ్దామండీ" అంది. ముల్లు ఇంకాస్త లేచింది. "ఏమండీ, భయంగా ఉంది." ఇంకాస్త. రెండు లారీల మధ్య సందులోకి కారు దూరింది. లారీ చక్రాలు కిటికీ అవతల ఆమె తలంత ఎత్తున గిరగిరా తిరుగుతున్నాయి. ఏ తప్పో తెలియకుండానే, ఏడుస్తూ, "తప్పయిపోయిందండీ" అంది. ముల్లు దిగింది. ఇంటి ముందు ఆపి, ఆమె వైపు తలుపు తనే తెరిచి, "చూసుకుని దిగు, అక్కడ గట్టుంది" అన్నాడు.

ఆ తర్వాత పెద్దగా నేర్చుకోవలసిందేమీ మిగల్లేదు. నెమ్మదిగా వెళ్ళమంటే స్పీడు పెరుగుతుంది, క్షమించమంటే తగ్గుతుంది. ఆమె కాపురం భాషంతా ఆ రెండు మాటల్లో ఇమిడిపోయింది. అమ్మకి చెబితే "తాగి నడుపుతాడా?" అంది. లేదంటే "మరింకేం?" అంది. అత్తగారికి చెబితే పగలబడి నవ్వింది. "వాళ్ళ నాన్న సైకిలే అలా తొక్కేవాడమ్మా! ఒకసారి మలుపులో నన్ను పడేసి, ఇంటికెళ్ళి కాఫీ అడిగితే ఎవరూ పలక్కపోయేసరికి అప్పుడు చూసుకున్నాడు వెనక నేను లేనని." ఇంట్లో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వాక, వంతెన మీది సంగతి కూడా ఆ సైకిలు కథలాంటిదే అయిపోయింది. ఇక దాన్ని ఎవరికీ చెప్పడానికి లేకుండా పోయింది.

ఆమె పనిచేసేది ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో. పాత కారు ఉన్నన్నాళ్ళూ రోజూ పొద్దున అతనే దింపి వెళ్ళేవాడు. "నీకేమమ్మా, మహారాణివి. మావాడు బస్టాపు దాకా కూడా రాడు" అనేది రిజిస్టరు రాసే ఆవిడ. ఒకరోజు ఆమె చేతులు వణకడం చూసి పెద్ద డాక్టరు, "కదలొద్దని పేషెంటుకి చెప్పేది నువ్వే కదమ్మా, నువ్వే కదిలితే ఎలా? ఇంటి పనులన్నీ ఇక్కడికి మోసుకొస్తారు మీ ఆడవాళ్ళు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆ పొద్దున చొక్కాకి బొత్తాం కుట్టలేదన్న దాని మీద కారు రెండు బస్సుల మధ్య నుంచి దూరి వచ్చింది. అది డాక్టరుతో చెప్పుకునే మాటా? చేతులు ఏప్రను వెనక దాచుకుని, తర్వాతి పేషెంటుని పిలిచింది.

ఆమెకి డ్రైవింగ్ వచ్చు. పెళ్ళికి ముందు నేర్చుకుంది, లైసెన్సూ ఉంది. మొదట్లో ఒకసారి స్టీరింగు దగ్గర కూర్చుంటే "క్లచ్చి మీద కాలు పెట్టి నిద్రపోతుంది" అని వారం రోజులు ఇంటిల్లిపాదికీ చెప్పి నవ్వించాడు. తాళంచెవి మళ్ళీ ఆమె చేతికి రాలేదు.

ఇన్నాళ్ళూ ఆమె ప్రాణాన్ని కాపాడింది పాత కారు ముసలితనం. ఒక హద్దు దాటితే స్టీరింగు వణికేది, ముందు భాగమంతా దడదడలాడేది, కిందినుంచి ఏదో ఊడి పడిపోతున్నట్టు చప్పుడు. అతను తిట్టుకుంటూ కాలు తీసేవాడు. మెకానిక్కు బాగుచేస్తానన్నప్పుడల్లా ఆమె ఇంకేదో ఖర్చు అడ్డం వేసేది. గోడకి తేమ అనేది, స్కూలుకెళ్ళే తమ పాపకి కళ్ళజోడు అనేది. ఆ దడదడ కోసం చెవి ఒగ్గి కూర్చునేది. అది వినపడితే ఇక బతికినట్టే. పోయిన నెల ఆ ఇంజను పూర్తిగా కూర్చుంది. తుక్కు కొనేవాడు గొలుసు కట్టి లాక్కుపోతుంటే వాకిట్లో నిలబడి కళ్ళు తుడుచుకుంది. "పిచ్చిమొహమా, ఇనుముకి ఏడుస్తారా ఎవరైనా!" అంది అత్తగారు.

ఆదివారం బండి చూడటానికి అతనూ ఆమే పాపా వెళ్ళారు. ముదురు నీలం రంగు. అప్పుడే కడిగినట్టున్నారు, చక్రాల దగ్గర్నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. అమ్మే ఆయన గుండ్రంగా, సరదాగా ఉన్నాడు. బానెట్టు ఎత్తి ఇంజను వినిపించాడు, టైర్లు తట్టి చూపించాడు. "కన్నపిల్లలా చూసుకున్నానండీ" అన్నాడు. ఆయన భార్య వీధి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది, అవతలివాళ్ళ సరుకేదో అమ్ముడవుతున్నట్టు.

"మేడంగారికి నచ్చిందా? ఆవిడ ఊఁ అంటేనే బేరం," అన్నాడాయన.

నచ్చిందనాలి. ఆ ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ లోపల వారం నుంచి ఉడుకుతున్నది ఆమె నోటిని అడగకుండానే బయటికొచ్చింది. "ఇంత స్పీడు బండి మనకెందుకో..."

"అయితే సార్‌కి ఇంట్లోనే స్పీడు బ్రేకరుందన్నమాట!" అని ఆయన గట్టిగా నవ్వాడు. అతనూ నవ్వాడు. విందులో నవ్విన నవ్వు.

"రా, కూర్చో," అన్నాడు ఆమెతో, ఆ నవ్వు ఇంకా చెరగకుండా. "నువ్వూ చూడాలిగా. పాపా, వెనకెక్కు."

"లైసెన్సు నా దగ్గర ఉంచి మీరు వెళ్ళిరండి సార్. ఫ్యామిలీతో ఒక రౌండు వేస్తే తెలుస్తుంది దీని సంగతి," అన్నాడు అమ్మే ఆయన.

లోపల అంతా అద్దంలా ఉంది. సీట్ల మీద మచ్చ లేదు, అద్దాల మీద గీత లేదు. ఆమె కుడికాలి కింద పరిచిన పట్టా మాత్రం అరిగిపోయి ఉంది. మడమ ఆనే చోట చిన్న గుంట, వేళ్ళు ఆనే చోట కోలగా చిరుగు, లోపలి నల్లటి అట్ట కనిపిస్తోంది. డ్రైవరు వైపు అరిగిందంటే అర్థముంది, అటు పెడళ్ళుంటాయి. ఇటు ఏముంది తొక్కడానికి? అనుకుంది. అంతకంటే ఆలోచించే తీరిక లేకపోయింది. కారు బయటి రోడ్డు మీదికి వచ్చేసింది.

నిజంగానే వీపు సీటుకి అతుక్కుపోయింది. ముల్లు లేస్తోంది. ఆమె అలవాటు కొద్దీ దడదడ కోసం చెవి ఒగ్గింది. ఇదిగో వస్తుంది, ఈ హద్దు దగ్గర వస్తుంది. రాలేదు. స్టీరింగు వణకలేదు. కారు ఎంత మెత్తగా, ఎంత నిశ్శబ్దంగా పోతోందంటే చెట్లు అవతల ఇంకెవరికో జరుగుతున్నట్టు వెనక్కి పడిపోతున్నాయి. ముందు నీళ్ళ ట్యాంకరు పెద్దదవుతోంది. దాని వెనక ఆకుపచ్చ కుళాయి కనిపించింది, కుళాయికి కట్టిన గుడ్డ కనిపించింది, గుడ్డ మీద ముడి కనిపించింది. ఆమె కుడికాలు తనంతట తనే కిందికి తన్నుకుంది. మడమ గుంటలో సరిగ్గా కూర్చుంది. వేళ్ళు చిరుగులో పడ్డాయి.

అప్పుడు తెలిసింది ఆ పట్టా ఎందుకరిగిందో. ఈ సీట్లో, లేని బ్రేకుని ఇలాగే తొక్కుతూ, ఒక ఆడమనిషి ఏళ్ళ తరబడి కూర్చుంది.

క్షమించమనాలి. నోరు తెరవబోయింది. పౌరుషమూ కాదు, పట్టుదలా కాదు. దవడలు బిగుసుకుపోయి మాట రాలేదు. ట్యాంకరు ఇంకా పెద్దదయింది.

"సారీ నాన్నా," అంది వెనకనుంచి పాప. "అమ్మ ఇంకెప్పుడూ అలా అనదు. సారీ నాన్నా."

ముల్లు దిగింది. ట్యాంకరు పక్కనుంచి కారు బుద్ధిగా తప్పుకుని వెళ్ళింది.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. పాప సీటు బెల్టుని రెండు చేతులా పట్టుకుని, ముందు సీట్ల సందులోంచి ముల్లు వైపే చూస్తోంది. ఏడవడం లేదు. ఆ మాట అప్పటికప్పుడు పుట్టిందీ కాదు, ఎక్కం అప్పజెప్పినంత తేలిగ్గా వచ్చింది. ఇన్నేళ్ళూ కారు స్పీడెక్కినప్పుడల్లా పాప వెనక కళ్ళు మూసుకుని పడుకునేది. నిద్రపోయింది, అదృష్టం, దానికేమీ తెలియదు అనుకునేది ఆమె. అది నిద్ర కాదు. పిల్ల పాఠం వింటోంది.

వెనక్కి వచ్చాక మగవాళ్ళిద్దరూ కాగితాల మీద వాలారు. "అదరగొట్టింది సార్" అంటున్నాడతను. గుమ్మంలో ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తెరిచి ఉన్న కారు తలుపులోంచి ఆవిడ చూపు కిందికి, పట్టా మీదికి పోయింది.

"కొత్తది వేయిద్దామనుకున్నాం," అంది, మురికి ఇల్లు ఎవరో చూసేసినట్టు సిగ్గుపడుతూ.

"ఫరవాలేదండీ."

"బండిది ఏ తప్పూ లేదండీ." ఖాళీ గ్లాసు అందుకుంటూ ఆవిడ గొంతు తగ్గించింది. "నేను ఎక్కడం మానేశాను. ఆ తర్వాత ఆయనకి దాని మీద మోజు పోయింది."

ఆవిడ పాప తల నిమిరి లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం భోజనాల దగ్గర ఇల్లంతా సందడిగా ఉంది. బయానా ఇచ్చేశాడు, బండి రేపు ఇంటికొస్తుంది. అత్తగారు దిగడం కష్టమన్న మాట మరిచిపోయి, పక్కింటివాళ్ళు ఏ కిటికీలోంచి చూస్తారో లెక్కవేస్తోంది. మామగారు రంగుకి ఒప్పుకున్నారు. "రేపు పొద్దున పాపని స్కూల్లో, దీన్ని ఆసుపత్రిలో కొత్త బండిలో దింపుతా," అన్నాడతను పళ్ళెం జరుపుతూ. "కాస్త కూర వెయ్యి."

పాప అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది.

ఆమె కూర వేసింది. గరిటె గిన్నెకి తగిలి టకటకలాడింది. గిన్నె కింద పెట్టి, ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని, అందరి మధ్యా కూర్చుంది. అందరూ తినకముందు ఆమె ఆ బల్ల దగ్గర కూర్చోవడం ఎవరూ చూడలేదు కాబట్టి మాటలు వాటంతట అవే ఆగిపోయాయి.

"రేపట్నుంచి కూడా పాపా నేనూ బస్సులోనే వెళ్తాం," అంది.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాడతను, ఎప్పట్లాగే నెమ్మదిగా. కళ్ళలో మాత్రం వంతెన కనిపించింది. "తర్వాత మాట్లాడుకుందాం. ఒకసారి అలా బయటికి వెళ్ళొద్దాం పద."

"నేను రాను. ఏదైనా ఇక్కడే, వీళ్ళ ముందే మాట్లాడండి."

"ఇదేం చోద్యమమ్మా! గుమ్మంలో కారు పెట్టుకుని బస్టాపులో నిలబడితే నలుగురూ ఏమనుకుంటారు?" అంది అత్తగారు. "ఇంత మంచివాడు దొరికి..."

"నువ్వాగు," అన్నారు మామగారు. ఆయన తినడం ఆపి మనవరాలి మొహం వైపు చూస్తున్నారు. పాప తండ్రి వైపు చూస్తోంది, పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ఏం మాట కదులుతోందో ఆమెకు తెలుసు. చెయ్యి చాచి పాప భుజం మీద వేసింది. ఆ పెదవులు ఆగాయి.

"నిజం చెప్పమ్మా," అన్నారు మామగారు. "వీడు నీ మీద ఎప్పుడైనా చెయ్యెత్తాడా?"

ఆమె పాప భుజం మీది చెయ్యి తియ్యకుండానే చెప్పింది.

"లేదు మామయ్యా. ఆయన చేతులు రెండూ స్టీరింగు మీదే ఉంటాయి. అక్కణ్ణుంచే మమ్మల్ని చంపుతానని చెబుతారు. బండి కొనుక్కోండి, నేను అడ్డు చెప్పను. పాపా నేనూ మాత్రం ఇక ఆయన నడిపే ఏ బండీ ఎక్కం."