రెండు లైనింగులు

నేను కుట్టిన బట్ట చిరిగిందని ఇంతవరకు ఒక్క మనిషి నా గుమ్మం ఎక్కలేదు. ఒక కుట్టు సరిపోయే చోట రెండు వేస్తాను. లైనింగు వద్దన్నవాళ్ళను కూడా బతిమాలి మరీ వేస్తాను. "మా దర్జీగారు చన్నీళ్ళు కూడా ఊదుకుని తాగుతారు" అని మా ఆయన వెక్కిరించేవాడు. నాలుగు నెలలుగా మా ఇంట్లో ఆ వెక్కిరింతలు లేవు. ఆయన ముందుగదిలో చాప మీద, నేను లోపల పిల్లలిద్దరి మధ్యా. పగలైనా "గ్యాసు అయిపోయింది", "కరెంటు బిల్లు వచ్చింది" తప్ప మాటల్లేవు.

ఎందుకో చెప్పాలంటే నాకు సిగ్గు, చెప్పకపోతే మీకు అర్థం కాదు. చిన్నది పుట్టినప్పుడు నేను చచ్చి బతికాను. రక్తం ఆగలేదు. ఎన్ని సీసాలు ఎక్కించారో లెక్క మా ఆయనకే తెలుసు. ఇంటికి పంపే రోజున డాక్టరమ్మ, "ఇంకో కాన్పంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఆపరేషన్ సంగతి ఒంటికి కాస్త రక్తం పట్టాక చూద్దాం. అందాకా జాగ్రత్తగా ఉండండి" అంది. జాగ్రత్త అంటే ఏమిటో ఆవిడ విప్పి చెప్పలేదు, మేం నోరు తెరిచి అడగలేదు.

మా ఆయన మందుల షాపువాడి చెవిలో ఊది, నల్ల కవరులో చుట్టించి కండోములు తెచ్చాడు. ఆ మాట అనడానికి ఇద్దరికీ నోరు రాక "లైనింగు" అని పేరు పెట్టుకున్నాం. పిల్లల ముందే "లైనింగు ఉందా?" అంటే "అయిపోయింది, రేపు తెస్తా" అనేవాడు. ఇద్దరం తలలు దించుకుని నవ్వుకునేవాళ్ళం. ఆ పేరే కొంప ముంచింది. లైనింగు అనగానే నాలో దర్జీ లేచి కూర్చుంది. ఇంత పలచటి సరుకు ఒకటేం ఆపుతుంది, రెండు వేసుకోండి అన్నాను. ఆయన వేసుకున్నాడు. ఒక రోజు రెండూ చిరిగాయి.

ఆ తర్వాత ఇరవై రోజులు తేలు కుట్టిన దొంగల్లా తిరిగాం. ఎవరితోనూ చెప్పుకోలేం, ఒకరి మొహం ఒకరు చూసుకోలేం. చివరికి నెలసరి వచ్చింది. బాత్‌రూంలో కూర్చుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చి, బయటికి వచ్చి ఆయన చాప తీసుకెళ్ళి ముందుగదిలో పరిచాను. ఆయన వెళ్ళి దాని మీదే పడుకున్నాడు. ఎందుకని ఒక్కసారైనా అడగొచ్చు కదా అని నాకు ఇంకా మండింది.

ఆయన లిఫ్టు మెకానిక్. వాళ్ళ కంపెనీ ఇంకో ఊళ్ళో కొత్త షెడ్డు పెడుతోంది, రెండేళ్ళు అక్కడ ఉండే మనిషి కావాలి. వారం నుంచి ఆ బదిలీ ఒప్పుకోలు కాగితం ఆయన చొక్కా జేబులో నలుగుతోంది. "శుక్రవారం సాయంత్రం అయిదులోపు ఫోన్ చేసి చెప్పాలి" అన్నాడు. "మీ ఇష్టం" అన్నాను. "ఇక్కడున్నా అక్కడున్నా ఒకటే కదా" అన్నాడు. మనిషికి నామీద మనసు విరిగిపోయింది అనుకున్నాను.

శుభ్రం చేసే ఆవిడ వచ్చింది కూడా ఆ శుక్రవారమే. మామూలుగా ఇల్లు నేనే ఊడ్చుకుంటాను. బడి యూనిఫాంల ఆర్డరు పూర్తయ్యేసరికి కుట్టుగదిలో కాలు పెట్టే చోటు లేదు, ఏ మూల చూసినా పీలికలూ దారాలూ. ఒక్క పూటకని మనిషిని మాట్లాడాను. ఎవరో పడుచుపిల్ల వస్తుందనుకుంటే యాభై దాటిన మనిషి వచ్చింది. సొంత చేతి తొడుగులు, సొంత మాపు కర్ర, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు. తుడిచే గుడ్డను కూడా ముందు కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది, చిల్లులున్నాయేమోనని. సరే, పనిమంతురాలే అనుకుని నేను ముందుగదిలో కాజాలు కుట్టుకుంటూ కూర్చున్నాను.

కాసేపటికి లోపల డబ్బా పడిన చప్పుడు. పరుగెత్తాను. నా సూదుల డబ్బా నేల మీద మూత ఊడి పడి ఉంది. చుట్టూ సూదులు, గుండుసూదులు, వాటి మధ్య మెరుస్తూ వెండి రంగు ప్యాకెట్లు. పిల్లలు ముట్టుకోని డబ్బా ఇంట్లో అదొక్కటే, అందుకని అందులో దాచాను.

ఆవిడ గొంతుకూర్చుని సూదులు వదిలేసి ప్యాకెట్లు ఏరుతోంది. ఒకదాన్ని రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కి, "ఇది చచ్చిపోయింది" అని పక్కన పెట్టింది. రెండోది నొక్కింది. "ఇదీ పోయింది." మూడోదాన్ని వెలుతురుకు పెట్టి తేదీ చదివింది. "ఇది బతికే ఉంది. దీని సహవాసమే మంచిది కాదు."

"అవి మావి కావు" అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. "మరి సూదులవా మేడం?"

నాకు చర్రున కోపం వచ్చింది. "తుడవడానికి వచ్చారు, తుడిచి వెళ్ళండి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"కందకు దురద లేకపోతే సరే" అని ఆవిడ సూదులు ఏరడం మొదలుపెట్టింది. నేను గుమ్మం దాటుతుంటే వెనకనుంచి మెల్లగా అంది, "తప్పుగా అనుకోకమ్మాయ్. పదహారేళ్ళు ఫ్యాక్టరీలో వీటిని పరీక్షించే పని చేశాను. అది మూతపడింది కాబట్టి ఇప్పుడు ఈ కర్ర పట్టాను. చేతులకింకా ఆ అలవాటు పోలేదు."

మేడం పోయి అమ్మాయ్ వచ్చిందని ఆ కోపంలోనూ గమనించాను.

మళ్ళీ కాజాల దగ్గర కూర్చుంటే సూది వేలిలో దిగింది. గోడ గడియారం పదకొండు. అయిదు గంటలకు ఆయన ఫోన్ చేస్తాడు. ఆ తర్వాత రెండేళ్ళు. రెండేళ్ళ తర్వాత ఏ మొహంతో మళ్ళీ మాట కలుపుకుంటాం? లేచి రెండు గ్లాసుల టీ పెట్టి తీసుకెళ్ళాను.

"రెండేసి వేసుకుంటే చిరుగుతాయా?" ఒక్క ఊపిరిలో అడిగేశాను.

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "రెండు వేసుకోమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదక్కా. నేనే. లైనింగు కదా అని..." అక్కడితో ఆపుదామనుకున్నాను గానీ కట్ట తెగింది. ఆస్పత్రి, రక్తం, చిరగడం, చాప, సాయంత్రం ఫోను, అన్నీ చెప్పాను. ఆవిడ టీ చల్లారిపోయింది.

"ప్యాకెట్టు దేంతో చింపుతారు?" అని అడిగింది, అంతా విని.

"కత్తెరతో. నీటుగా వస్తుందని."

"ఈ కత్తెరా?" బల్ల మీది నా పెద్ద కత్తెర చూసి ఆవిడ నుదురు కొట్టుకుంది. "ఇంకా ఏం వాడతారు?"

"కొంచెం... తలనూనె."

"బాగుంది! సూదుల డబ్బాలో కాపురం, కత్తెరతో పురుడు, నూనెతో స్నానం. పైగా ఒకదాని మీద ఒకటి. ఇన్ని చేశాక చిరక్కపోతే మా ఫ్యాక్టరీకి దండ వెయ్యాలి."

నాకు నవ్వొచ్చింది. నాలుగు నెలల తర్వాత నాకు నవ్వొచ్చింది, అదీ ఈ విషయం మీద. చిన్నది నిద్రలో ఉందో లేదో చూసి వచ్చి, కుట్టుగది తలుపు గడియ పెట్టాను. ఆవిడ చేతులు కడుక్కుని, ఆ బతికున్న ప్యాకెట్టు తీసి, మాపు కర్ర తలకిందులుగా నిలబెట్టి, నన్ను పట్టుకోమంది.

"ముందు తేదీ చూడాలి. తర్వాత నొక్కి చూడాలి, లోపల గాలి మెత్తగా తగలాలి. తగల్లేదంటే ఎక్కడో చిల్లు పడ్డట్టే, పారెయ్. లోపలి సరుకును వేలితో ఒక పక్కకు జరిపి, రెండో పక్క వేళ్ళతో చింపాలి. కత్తెర వద్దు, పళ్ళూ వద్దు." ఆవిడ వేళ్ళు ముసలి వేళ్ళు, కీళ్ళు ఉబ్బి ఉన్నాయి. కానీ ఎంత నేర్పు! నేను సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఇలాగే ఉంటానేమో. "చుట్ట అంచు బయటివైపు ఉండాలి. తిరగేసి పెట్టావా, మళ్ళీ తిప్పి వాడకు, కొత్తది తియ్. కొసను ఇలా రెండు వేళ్ళతో నొక్కి పట్టుకో, గాలి ఉండకూడదు, కాస్త జాగా ఉండాలి. మగాడు సిద్ధమయ్యాక, ఇంకేదీ మొదలవకముందే వెయ్యాలి. సగంలో గుర్తొచ్చి వేస్తే లాభం లేదు. ఇలా దొర్లించుకుంటూ మొదలుదాకా."

"అయిపోయాక?"

"మెత్తబడకముందే మొదట్లో పట్టుకుని బయటికి రావాలి. ముడివేసి, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో. ప్రతిసారీ కొత్తది. నూనె ఈ రబ్బరుకు విషం, కావాలంటే నీళ్ళతో చేసిన జెల్ అడగండి, మందుల షాపులో ఉంటుంది."

తర్వాత దాన్ని కర్ర మీంచి తీసి గ్లాసున్నర నీళ్ళు పోసింది. సొరకాయంత అయి వేలాడింది. ఆవిడ దాన్ని పీలికల మీద అటూ ఇటూ దొర్లించింది. ఒక్క పీలిక తడవలేదు.

"ఒక్క పొర" అంది. "ఇలా రోజంతా చేసేవాళ్ళం. ఎక్కడైనా చెమర్చిందంటే ఆ సరుకు మొత్తం వెనక్కే. ఇప్పుడు ఇది చూడు." నేలమీది రెండు చచ్చిన ప్యాకెట్లు చింపి, ఒకదాని మీద ఒకటి కర్రకు తొడిగి పిడికిట్లో పట్టి రుద్దింది. పైది కిందిదాన్ని పట్టుకుని లాగుతోంది, ముడతలు పడుతోంది, కీచుమంటోంది. "గుడ్డకు గుడ్డ తోడు. రబ్బరుకు రబ్బరు పగ."

నాకు సిగ్గు పోయి కోపం వచ్చింది, నా మీదే. ఇంత చిన్న సంగతికి నాలుగు నెలలా?

"ఇంకో మాట" అంది ఆవిడ. "ఇది మంచిదే గానీ నూటికి నూరు కాదు. నీకు అంత ప్రమాదమైతే దీంతోపాటు ఇంకో కాపలా ఉండాలి. అదేంటో చెప్పాల్సింది డాక్టరు, నేను కాదు. మగవాళ్ళకూ చిన్న ఆపరేషన్ ఉంది, అదీ అడగండి. ఎప్పుడైనా చిరిగితే ఇరవై రోజులు ఏడుస్తూ కూర్చోకు. మర్నాడే పరుగెత్తు, దానికి మాత్రలున్నాయి. ఎంత ఆలస్యమైతే అంత తక్కువ పనిచేస్తాయి."

"ఇవన్నీ అడిగితే డాక్టరమ్మ ఏమనుకుంటుందో."

"అడగడానికి సిగ్గు, చావడానికి సిగ్గు లేదా?"

ఆవిడ గొంతు తగ్గించింది. "ఆయనకు ఏమని చెప్తావు?"

"లైనింగు..."

"ఆ మాట తీసెయ్. ఆ పేరే మిమ్మల్ని తప్పు దారి పట్టించింది. అసలు పేరు అను."

"కండోమ్" అన్నాను.

"పక్కింటికి వినిపించక్కర్లేదు, నాకైనా వినిపించాలి కదా."

"కండోమ్!" ఈసారి నిజంగానే పక్కింటికి వినిపించి ఉంటుంది. ఆవిడ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, మాపు కర్ర కడిగి, గది అద్దంలా చేసి వెళ్ళిపోయింది.

మా ఆయన నాలుగున్నరకు వచ్చాడు. చేతులు కడుక్కుని, జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పాడు. అప్పటికే సంతకం పెట్టి ఉంది. అయినా నిలబడి చెప్పాను. కండోమ్ అన్నాను, రెండు వేయకూడదన్నాను, కత్తెర తప్పు, నూనె తప్పు, డబ్బా తప్పు అన్నాను. "తప్పు మీది కాదండీ, రెండు వెయ్యమన్నది నేను. ఆ కోపం మీమీద తీర్చుకుని మిమ్మల్ని బయటికి పంపాను. మీకు నామీద విసుగొచ్చి వెళ్ళిపోతున్నారు, అంతేగా?"

ఆయన కాగితాన్ని మళ్ళీ మడిచి బల్ల మీద పెట్టాడు.

"ఆస్పత్రిలో నాచేత ఒక సంతకం పెట్టించుకున్నారు, తెలుసా?" అన్నాడు. "నీకేమైనా అయితే వాళ్ళకు సంబంధం లేదని. పెట్టాను. పెట్టకపోతే నిన్ను లోపలికి తీసుకెళ్ళం అన్నారు. అది చిరిగిన రోజున మళ్ళీ ఆ కాగితమే కళ్ళముందుకొచ్చింది. నువ్వు చాప బయట పరిస్తే నాకు కోపం రాలేదే. హమ్మయ్య అనిపించింది. నేను దగ్గర లేకపోతే నువ్వు బతికుంటావు. అందుకే వెళ్తానన్నాను."

నాలుగు నెలలు గోడకు ఇటు నేను, అటు ఆయన. ఇద్దరం ఒకే భయానికి రెండు పేర్లు పెట్టుకుని పడుకున్నాం. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"రేపు డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం. ఇద్దరం. అడగాల్సినవన్నీ నేనే అడుగుతాను" అన్నాను.

"సగం నేనడుగుతాలే" అన్నాడు.

అయిదుకు అయిదు నిమిషాలు ఉండగా ఫోన్ తీశాడు. నన్ను లోపలికి వెళ్ళమనలేదు. "నమస్తే సార్. లేదు సార్, నేను రాలేను" అన్నాడు. అటునుంచి ఏదో గట్టిగా అడుగుతున్నారు.

"కారణమంటే ఏముంది సార్. మా ఆవిడ ఇక్కడుంది."