బురదలో రెండు పొయ్యిలు

పుదుచ్చేరిలో సముద్రాన్ని ముప్ఫై అడుగులు వెనక్కి నెట్టి, ఆ ఖాళీలో ఇల్లు కట్టుకున్న మగాడు ఒక్కడే ఉన్నాడు. వాడి పేరు చెంగల్రాయన్. అంటే నేనే. ఒక గంప, ఒక పార, ఈ రెండు చేతులు, అంతే నా బలగం. పెద్ద పెద్ద దొరలు రాళ్ళు పోయించి చేయలేని పని నేను చొక్కా కూడా లేకుండా చేశాను. నమ్మనివాళ్ళు ఇంకాస్త చదవండి. నమ్మేసినవాళ్ళు కూడా చదవండి, తర్వాత మానేద్దురుగాని.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. రేవులో ఓడల నుంచి మూటలు దించే పని. కురుచికుప్పంలో, వలలు ఆరేసే ఇసుక పక్కన ఒక గది అద్దెకు తీసుకుని నేనూ నా భార్య పూంగొడీ ఉండేవాళ్ళం. ఆ గదిలో ఒకరు కాళ్ళు చాపుకోవాలంటే రెండోవాళ్ళు బయటికి పోయి నిలబడాలి. పూంగొడికి అప్పుడు ఐదో నెల. మూడో మనిషి వస్తే ఎవరు బయట నిలబడాలా అని మాకు దిగులు పట్టుకుంది.

ఆ ఏడు ఆడి మాసంలో, అంటే ఆషాఢంలో, దొరతనంవారు దండోరా వేయించారు. పట్టణానికి దక్షిణాన, ఏరు సముద్రంలో కలిసే చోట బురదనేల ఉంది. అక్కడ ఎవరైనా గుంజ పాతి గుడిసె వేసుకోవచ్చు. వానాకాలం వెళ్ళేదాకా పొయ్యి ఆరకుండా కాపురం చేస్తే ఆ నేల వాళ్ళదే. పొయ్యికొక నేల. కచేరీ గుమాస్తా చెప్పాపెట్టకుండా పడవలో వచ్చి చూస్తాడు. పొయ్యి చల్లగా ఉంటే మొదటిసారి హెచ్చరిస్తాడు. రెండోసారి గుంజ పీకేస్తాడు.

"మనదని ఒక నేలుంటే నేను దాని మింద పడుకోని దొర్లుతానయ్యా" అంది పూంగొడి.

"బురదలో దొర్లితే నిన్ను బర్రె అంటారు."

"అనుకోనీ. అద్దెగదిలో మనిషి కన్నా సొంత నేలలో బర్రె మేలు గదా!"

వెళ్ళి చూశాం. నా జమీందారీ హద్దులు చెబుతాను వినండి. తూర్పున ఉప్పునీళ్ళు, పడమర మంచినీళ్ళు, ఉత్తరాన రెండూ కలిసిన నీళ్ళు, దక్షిణాన కొంగలు. నడుమ మనిషెత్తు జమ్ము. దోమలంటే అక్కడివే దోమలు. ఒకటి నా తలపాగా మీద వాలితే కాకి అనుకుని విదిలించాను. చేపలకు మాత్రం లోటు లేదు. సముద్రం పోటు మీదున్నప్పుడు పొయ్యి దగ్గర కూర్చునే తోక పట్టి లాగితే సరిపోయేది.

గంపలతో మట్టి పోశాను. పగలంతా నేను పోసిందాన్ని పోటు వచ్చి తీసుకుపోయేది. వారం తర్వాత చూస్తే నేల ఉన్నచోటే ఉంది, అరిగింది నా నడుమే. చివరికి తాటిమాన్లు పాతి, వాటి మీద మంచె కట్టి, మంచె మీద గుడిసె నిలబెట్టి, మట్టి మెత్తి పొయ్యి వేశాం. పూంగొడి పొయ్యి వెలిగించి పాలు పొంగించింది. ఆ విద్య నాకు రాదు. మూడు మణుగుల మూట వీపున మోస్తాను గాని, నిప్పు నా మాట వినదు.

అది బయటపడడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. తర్వాతి నెల ఆవణిలో పూంగొడి వాళ్ళమ్మను చూడ్డానికి విల్లియనూరు వెళ్ళి ఒక్క రోజు ఉండిపోయింది. పొయ్యి ఆరింది. సరిగ్గా ఆ రోజే గుమాస్తా అనంతరామన్ వచ్చాడు. సన్నటి మనిషి, గొడుగు మూసినా తెరిచినా ఆయన కన్నా గొడుగే లావు. పొయ్యిలో మణికట్టు దాకా చెయ్యి పెట్టి బూడిద కలియబెట్టాడు.

"ఏంది చెంగల్రాయా, ఇందులో కోడి గుడ్లు పెట్టేట్టుగా ఉండాదే! ఇది ఒకటోసారి. రెండోసారి నీ గుంజ నా పడవలో ఉంటాది."

ఆ పై నెల పురట్టాసిలో పూంగొడికి ఏడో నెల వచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కూతుర్ని తీసుకుపోవడానికి మా అత్త వెళ్ళైయమ్మాళ్ విల్లియనూరు నుంచి వచ్చింది. మామ పోయాక ఒంటిచేత్తో వరి పండిస్తున్న మనిషి. మా వాళ్ళలో అత్త అల్లుడితో నేరుగా మాట్లాడదు. పేరు పెట్టి పిలవడం అసలే లేదు. చెప్పవలసింది ఇంకెవరితోనో అన్నట్టు అనాలి, అల్లుడు విననట్టు వినాలి. మనుషులెవరూ దొరక్కపోతే గుంజతోనో పిల్లితోనో చెప్పాలి. మా అత్త ఒక మేకను వెంటబెట్టుకునే వచ్చింది.

"ఏమే మేకా, కప్పలు కాపురముండే చోట నా బిడ్డకు పురుడా? బండెక్కమని చెప్పు."

"నేను కదిలితే పొయ్యి ఆరిపోతాది. పొయ్యి పోతే నేల పోతాది. నేను రాలేనమ్మా" అంది పూంగొడి.

"ఏం మేకా, ఈ ఇంటాయనకి చేతులు లేవా?"

"చేతులుండాయి. ఆయన ఊదితే పొగ వస్తాది గాని నిప్పు రాదు."

నేను విననట్టు విన్నాను.

"తొలి బిడ్డ పుట్టింటి గడప లోపల్నే పుట్టాల. మా అమ్మకైనా నాకైనా అట్లే జరిగె. ఇంకో మాట లేదు."

"అట్లయితే ఆ పుట్టింటిని ఈడికే తెచ్చుకో, పో!" అని పూంగొడి విసుక్కుంది.

విసుగుతో అన్న మాటను మా అత్త ఆజ్ఞగా తీసుకుంది. నాలుగో నాటికి వెదుళ్ళు, తాటాకులు, కుండలు, రుబ్బురోలు వేసుకుని రెండు బండ్లతో దిగింది. మా గుడిసెకు ఎదురుగా, చిన్న కాలువకు అవతల, తన గుంజ తాను పాతుకుంది. "ఇదే నా ఇల్లు. ఇదే నా బిడ్డకి పుట్టిల్లు" అని మేకకు చాటింది.

తర్వాత నేను పోసిన మట్టి చూసింది.

"మేకా, ఎవురో రాగిపిండి నీళ్ళలో కలిపినట్టు మట్టి కలిపి పెట్టినారే!"

ఆమె పొలం గట్ల మీద పెరిగిన మనిషి. జమ్ము కోయించి పరిపించింది. దాని మీద జానెడు మందాన బంకమట్టి. తొక్కి, రెండు రోజులు ఆరనిచ్చి, మళ్ళీ జమ్ము, మళ్ళీ మట్టి. జమ్ము మట్టిని పట్టుకుంది, మట్టి నీళ్ళను ఆపింది. మేకకు చెప్పిన చోటల్లా నేను తొక్కాను. వానలు ముదిరేలోపు రెండు గుడిసెల చుట్టూ పోటుకు అందనంత నేల లేచింది. మొదట్లో సముద్రాన్ని నెట్టాను అన్నాను కదా? నెట్టింది ఆమె. నేను తొక్కాను. నిజం చెప్పాలంటే మేక నాకన్నా బాగా తొక్కింది.

ఆ నెలన్నర మహా హాయిగా గడిచింది. వానలకు రేవులోకి ఓడలు రావు, నాకు పని లేదు. పూంగొడి కాలువ మీద వంతెనగా వేసిన తాటిమాను దాటి అటొక పొయ్యి, ఇటొక పొయ్యి వెలిగించేది. నేను రెండు చోట్లా తినేవాణ్ణి.

కార్తీకంలో ఆడపిల్ల పుట్టింది, అమ్మమ్మ గడప లోపల. పది రోజులు పురుటి మైల. బాలింతను ముట్టుకున్న మనిషి మా వంటింట్లో కాలు పెట్టకూడదు. పురుటింటి నిప్పు ఇంకో ఇంటికి ఇవ్వకూడదు. పూంగొడి వదిలిన నిప్పును నేను రెండు రోజులు కంటికి రెప్పలా కాచాను. మూడో రోజు గాలివాన. జల్లు ఏటవాలుగా లోపలికి కొట్టి పొయ్యి చుయ్యిమంది.

జమ్ము మలుపులో గొడుగు కనిపించింది. గొడుగు కింద అనంతరామన్. మా గుడిసెకు రాకముందు దారిలో మూడు గుడిసెలున్నాయి. ఒక్కో గుడిసె దగ్గర ఆగి చెయ్యి పెట్టి చూస్తున్నాడు.

బియ్యపుకుండలో దాచిన అగ్గిపెట్టె తీశాను. పుల్ల వెలిగింది, కట్టె వెలగలేదు. ఊదాను. ఇంకో పుల్ల. ఊదాను. ఈసారి పొగ కూడా రాలేదు.

అవతలి గుడిసెలోంచి పూంగొడి గొంతు. "అమ్మా, ఆయన పొయ్యి ఆరినట్టుండాదే! గుమాస్తా వస్తా ఉండాడు! నేల పోతాదే!"

మా అత్త చూరు కిందికి వచ్చింది. మేక పక్కనే ఉంది.

"ఏమే మేకా, తడికట్టెతో నిప్పు పుడతాదా అని అడుగు!"

వాన హోరులో నాకు మేక అన్న మాట ఒక్కటే వినపడింది. ఆమె మళ్ళీ అంది. తనతోనే మాట్లాడుతోందని మేక గట్టిగా అరిచింది. ఆమె ఇంకా గట్టిగా అంది, మేక ఇంకా గట్టిగా అరిచింది. పడవ మూడో గుడిసె దగ్గర కదిలింది.

అప్పుడు మా అత్త మేకను కాలితో పక్కకు తోసింది.

"ఒరే చెంగల్రాయా!"

ఆ కేకకు బురదలో ఉన్న కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆకాశం తెల్లబడిపోయింది. పడవలో అనంతరామన్ ఏమిటో అని గొడుగు పక్కకు వంచి పైకి చూశాడు.

"ఆ తడికట్టె పారేయ్ రా! నీ కప్పు లోపలి వరస ఎండుగా ఉండాది, పీకు! గుప్పెడు పీకి మెలిపెట్టి అడుగున పెట్టు! పైనుంచి గాదు, పక్కనుంచి ఊదు! నెమ్మదిగా రా! పసిబిడ్డకి పాలు చల్లార్చినట్టు ఊదు!"

కప్పు పీకాను. మెలిపెట్టాను. పాలు చల్లార్చినట్టు ఊదాను. చిన్న ఎర్ర చుక్క కనపడింది, చుక్క నాలుకైంది, నాలుక కట్టెను నాకింది.

అనంతరామన్ వచ్చాడు. అలవాటు కొద్దీ మణికట్టు దాకా చెయ్యి పెట్టి, అబ్బా అని లాక్కున్నాడు.

"వెచ్చగానే ఉండాదా సామీ?" అన్నాను.

"ఉండాది. కప్పుకి అంత బొక్క ఏంది?"

"అది ఇప్పుడు పొయ్యిలో ఉండాది సామీ."

నా పేరు రాసుకుని అవతలి గుడిసెకు మళ్ళాడు. "ఇది మీ అత్త ఇల్లేగా? అల్లుడూ అత్తా ఒకే కుటుంబం. రెండు నేలలు ఎట్ల ఇచ్చేది?"

మా అత్త కొంగు సర్దుకుని మేక వైపు తిరిగింది. "ఏమే మేకా, పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకటేనా? అట్లయితే పెండ్లిలో బిడ్డని అప్పగించి అంత ఏడుపు ఎందుకు ఏడ్చినాను, అడుగు!"

అనంతరామన్ మేకకేసి చూశాడు. మేక ఆయనకేసి చూసింది. ఆయన రెండో పేరు కూడా రాసుకున్నాడు.

వానాకాలం వెళ్ళాక, సంక్రాంతి పండగొచ్చే తై మాసంలో రెండు ఇళ్ళకూ కాగితాలు వచ్చాయి. పూంగొడి మాట తప్పలేదు, చాప పరిచి మరీ దొర్లింది. ఇప్పుడు అక్కడ కొబ్బరిచెట్లున్నాయి, పద్దెనిమిది ఇళ్ళున్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళు జమ్మూ మట్టీ మా లాగే పరుస్తారు. ఆ చోటును వెళ్ళైయమ్మాళ్ మేడు అంటారు, మేడు అంటే దిబ్బ. చెంగల్రాయన్ మేడు అని పిలిపించాలని నేను చాలా ప్రయత్నించాను, ఒక్కడూ పిలవలేదు.

మా అత్త మర్నాటి నుంచి మళ్ళీ మేకతోనే మాట్లాడింది. ఆ మేక పోయాక దాని పిల్లతో. బతికినన్నాళ్ళూ నన్ను ఇంకోసారి పేరు పెట్టి పిలవలేదు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. కొంగలు. ఆ గాలివానలో అవి యాడ తలదాచుకున్నాయో నాకు తెలీదు, ఒక్కటీ లేవలేదు. అత్త నోట నా పేరు వినపడినప్పుడు ఏదో ఒకటి లేచి ఎగరాలి గదా అని నేనే వాటిని లేపాను.